ఆపరేషన్‌కు ముందు రక్త పరీక్షలు: ఏవి, ఎవరికి, ఎప్పుడు

కంటి శుక్లం తీయించుకోబోతున్న 65 ఏళ్ల వ్యక్తికీ, హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన 30 ఏళ్ల యువకుడికీ, గర్భసంచి తొలగింపునకు సిద్ధమైన 42 ఏళ్ల స్త్రీకీ చాలా ఆస్పత్రుల్లో ఒకే చీటీ చేతికి వస్తుంది. రక్త కణాల లెక్క చూసే సీబీపీ, ఒంట్లో వాపును సూచించే ఈఎస్‌ఆర్, రక్తం ఆగే, గడ్డకట్టే సమయాలు చూసే బీటీ, సీటీ, షుగర్, కిడ్నీల పనితనం చూసే యూరియా, క్రియాటినిన్, బ్లడ్ గ్రూపు, హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి పరీక్షలు ఆ చీటీలో వరుసగా ఉంటాయి. ముగ్గురి వయసులు వేరు, ఒంట్లో ఉన్న జబ్బులు వేరు, ఆపరేషన్‌లో పోయే రక్తం వేరు. అయినా పరీక్షలు మాత్రం ఒకటే. ఇవన్నీ నిజంగా అవసరమా, లేక బిల్లు పెంచడానికి రాసినవా అన్న అనుమానం రోగి బంధువులకు కలగడం సహజం. రెండు వైపులా కొంత నిజం ఉంది కాబట్టే ఈ విషయాన్ని పరీక్షల వారీగా విడదీసి చూడవలసి ఉంటుంది.

క్లుప్తంగా

ఫలితం ఎలా వచ్చినా చేయబోయే చికిత్స మారనప్పుడు ఆ పరీక్ష వల్ల రోగికి ప్రయోజనం లేదు. ఆరోగ్యవంతులకు చిన్న ఆపరేషన్ల ముందు అలవాటుగా చేసే పరీక్షలు ప్రమాదాలను తగ్గించవని పెద్ద అధ్యయనాలు తేల్చాయి. అయితే రక్తహీనత, మధుమేహం ఇంత విస్తృతంగా ఉన్న తెలుగు రాష్ట్రాల్లో బ్రిటన్, అమెరికా అనుసరించే పరీక్షల జాబితాలను యథాతథంగా తెచ్చుకోవడం కుదరదు. ఇక్కడ బీటీ, సీటీ వంటివి మానేయవచ్చు. హిమోగ్లోబిన్‌ను మాత్రం ఆపరేషన్ ముందురోజు కాకుండా కొన్ని వారాల ముందే చూడాలి.

అధ్యయనాలు ఏం చెప్పాయి

ఒకే రక్త నమూనా నుంచి పది పన్నెండు కొలతలు ఒక్కసారిగా తీసే యంత్రాలు 1960, 70 దశకాల్లో అమెరికా ఆస్పత్రుల్లోకి వచ్చాయి. పరీక్ష చేయడం తేలికైన కొద్దీ ఎవరికి చేయాలన్న ప్రశ్న వెనక్కి వెళ్లింది. ఆపరేషన్‌కు చేరిన ప్రతి ఒక్కరికీ అన్నీ చేయించడం పద్ధతిగా మారింది. 1985లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన ఒక అధ్యయనం 2,000 మంది రోగుల రికార్డులను తిరగేసి, అలవాటుగా రాసిన పరీక్షల్లో దాదాపు 60 శాతానికి వైద్యపరమైన కారణమే కనిపించలేదని తేల్చింది. అలాంటి పరీక్షల్లో చికిత్సను ప్రభావితం చేయగల తేడా బయటపడినవి 0.22 శాతం మాత్రమే. 1991లో అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రి 3,782 మంది ఆరోగ్యవంతుల పరీక్షలను పరిశీలించింది. వారిలో 160 మందికి ఏదో ఒక ఫలితం తేడాగా వచ్చినా, దాని కారణంగా ఒక్క ఆపరేషన్ కూడా వాయిదా పడలేదు.

అన్నిటికంటే బలమైన ఆధారం శుక్లం ఆపరేషన్ల నుంచి వచ్చింది. 18 వేలకు పైగా రోగులను రెండు గుంపులుగా విభజించి, ఒక గుంపుకు అన్ని పరీక్షలూ చేయించి, రెండో గుంపుకు ప్రత్యేక కారణం ఉంటేనే చేయించిన అధ్యయనం 2000లో వెలువడింది. రెండు గుంపుల్లోనూ ప్రతి 1,000 ఆపరేషన్లకు 31.3 చొప్పున వైద్యపరమైన ఇబ్బందులు తలెత్తాయి. దశాంశ స్థానం వరకూ తేడా లేదు. ఇంత స్పష్టమైన ఫలితం వైద్య పరిశోధనలో అరుదు. అయినా అమెరికాలో 2011లో వృద్ధుల ప్రభుత్వ బీమా పథకం మెడికేర్ కింద శుక్లం ఆపరేషన్ చేయించుకున్న 4.4 లక్షల మందిని పరిశీలించినప్పుడు, వారిలో 53 శాతం మందికి ఆపరేషన్‌కు ముందు నెలలో కనీసం ఒక పరీక్ష జరిగినట్టు తేలింది. ఎవరికి పరీక్షలు ఎక్కువగా జరుగుతాయన్నది రోగి జబ్బు కంటే ఆపరేషన్ చేసే కంటి వైద్యుడి అలవాటు మీద ఎక్కువగా ఆధారపడింది. పరీక్షల సంఖ్యను నిర్ణయిస్తున్నది రోగి శరీరమా, ఆస్పత్రి పద్ధతా అన్న ప్రశ్నకు ఇంతకంటే సూటి జవాబు అక్కర్లేదు.

బ్రిటన్‌లో ఆరోగ్య ప్రమాణాలు నిర్ణయించే సంస్థ నైస్ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు రెండు విషయాలను కలిపి చూస్తాయి. ఒకటి ఆపరేషన్ స్థాయి. చర్మం మీది గడ్డ తీయడం చిన్నది, హెర్నియా సరిచేయడం మధ్యస్థం, కీలు మార్పిడి, పొట్ట కోసి గర్భసంచి తీయడం పెద్దవి. రెండోది రోగి ఆరోగ్య స్థితి. దీనికి అమెరికా మత్తు వైద్యుల సంఘం రూపొందించిన తరగతులను వాడతారు. ఏ జబ్బూ లేనివారు ఒకటో తరగతి, అదుపులో ఉన్న బీపీ, షుగర్ వంటివి ఉన్నవారు రెండో తరగతి, తీవ్రమైన జబ్బులున్నవారు మూడు, నాలుగు తరగతులు. ఈ లెక్కన ఏ జబ్బూ లేని యువకుడికి హెర్నియా ఆపరేషన్ ముందు సీబీపీ, క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే పరీక్షల్లో ఏదీ అలవాటుగా చేయనవసరం లేదు. అదే పెద్ద ఆపరేషన్ అయితే సీబీపీ అందరికీ చేయాలి.

నార్మల్ హద్దు దాటితే జబ్బేనా

అనవసర పరీక్ష వల్ల పోయేది డబ్బు మాత్రమే అనుకోవడం పొరపాటు. ల్యాబ్ రిపోర్టులో ప్రతి కొలత పక్కన ఉండే నార్మల్ హద్దులను సాధారణంగా ఆరోగ్యవంతుల్లో 95 శాతం మంది వాటి మధ్య ఉండేలా నిర్ణయిస్తారు. అంటే పూర్తి ఆరోగ్యంతో ఉన్నవారిలో కూడా ఒక్కో పరీక్షకు 5 శాతం మంది హద్దు దాటుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 కొలతలు ఒకే మనిషికి చేస్తే కనీసం ఒకటైనా తేడాగా వచ్చే అవకాశం లెక్క ప్రకారం 64 శాతం. ఆ ఒక్క తేడాను వెంబడిస్తూ మళ్లీ పరీక్ష, స్కానింగ్, మరో నిపుణుడి అభిప్రాయం మొదలవుతాయి. ఆపరేషన్ తేదీ వెనక్కి జరుగుతుంది. పల్లె నుంచి పట్నానికి వచ్చిన కుటుంబానికి ప్రయాణం, గది అద్దె, కూలి నష్టం అదనంగా పడతాయి.

నమూనా తీసే తీరు కూడా తప్పుడు ఫలితాలకు దారి తీస్తుంది. ప్లేట్‌లెట్ల లెక్క ఇందుకు మంచి ఉదాహరణ. సీబీపీ కోసం రక్తాన్ని ఊదా రంగు మూత ఉన్న గొట్టంలో తీస్తారు. అందులో రక్తం గడ్డకట్టకుండా ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొద్దిమంది రక్తంలో ఆ రసాయనం తగిలిన ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకుని ముద్దలు కడతాయి. యంత్రం ముద్దను ప్లేట్‌లెట్‌గా గుర్తించలేదు కాబట్టి, 2 లక్షలకు పైగా ఉండవలసిన లెక్క 40 వేలుగా అచ్చవుతుంది. డెంగీ రోజుల నుంచి ప్లేట్‌లెట్ అన్న మాటకే భయపడే కుటుంబం ఆ అంకె చూసి రక్తదాతల కోసం పరుగు పెడుతుంది. చేయవలసింది వేరు. గాజు పలక మీద రక్తపు పూత వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే ముద్దలు కనిపిస్తాయి. నీలం మూత గొట్టంలో, అంటే సిట్రేట్‌లో మళ్లీ రక్తం తీసి లెక్కిస్తే చాలా సందర్భాల్లో అసలు సంఖ్య తెలుస్తుంది. పొటాషియంది కూడా ఇదే కథ. పట్టీ బిగించి చాలాసేపు పిడికిలి మూసి తెరిపించినా, సన్నని సూదితో గట్టిగా లాగినా ఆ కొలత శరీరంలో ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. దాన్ని నిజమని నమ్మితే గుండెకు ప్రమాదం ఉందని ఆపరేషన్ ఆగిపోతుంది.

బీటీ, సీటీ: ఇంకా వదలని అలవాటు

చర్మాన్ని గుచ్చి, కారిన రక్తాన్ని ఫిల్టర్ పేపర్‌తో అద్దుతూ ఎంతసేపటికి ఆగిందో చూసేది బీటీ. గాజు గొట్టంలో రక్తం ఎన్ని నిమిషాలకు గడ్డకట్టిందో చూసేది సీటీ. ఆపరేషన్‌లో రక్తస్రావం ఎక్కువవుతుందో లేదో ఇవి ముందే చెబుతాయన్నది ఒకప్పటి నమ్మకం. గుచ్చిన లోతు, చర్మం మందం, గది ఉష్ణోగ్రత, చేసేవారి నైపుణ్యాన్ని బట్టి బీటీ మారిపోతుంది. ఆపరేషన్‌లో జరగబోయే రక్తస్రావాన్ని అది ముందుగా సూచించలేదని తేలాక, 1998లోనే అమెరికా పాథాలజిస్టుల సంఘాలు దాన్ని ఆపరేషన్ ముందు జల్లెడ పరీక్షగా వాడవద్దని ప్రకటించాయి. సీటీ మరీ మొద్దు పరీక్ష. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కారకం అనే ప్రొటీన్ దాదాపు పూర్తిగా లేనప్పుడే అది తేడా చూపిస్తుంది. రక్తం ఆగని వంశపారంపర్య జబ్బు హిమోఫీలియా ఒక మోస్తరుగా ఉన్నవారికి కూడా నార్మల్ అని రావచ్చు. తెలుగు రాష్ట్రాల్లో చాలా చోట్ల ఈ రెండూ ఇంకా చీటీలోంచి పోలేదు. వాటి మీద రాసే నార్మల్ అన్న మాట తప్పుడు ధైర్యం ఇస్తుంది కాబట్టి, ఖర్చు తక్కువే కదా అని వాటిని కొనసాగించడం సమర్థనీయం కాదు.

వీటి స్థానంలో వచ్చిన, రక్తం గడ్డకట్టే వేగాన్ని ల్యాబ్‌లో కొలిచే పీటీ, ఏపీటీటీ మెరుగైన పరీక్షలే. కానీ అవి కూడా అందరికీ చేయడానికి పుట్టినవి కావు. రక్తం గడ్డకట్టకుండా చేసే వార్ఫరిన్, హెపారిన్ మందులు వాడేవారికి మోతాదు సరిచూడటానికీ, కాలేయ జబ్బు, కారకాల లోపం ఉన్నాయన్న అనుమానాన్ని తేల్చడానికీ అవి పనికొస్తాయి. పన్నెండో కారకం లోపం ఉన్నవారికి ఏపీటీటీ బాగా పెరుగుతుంది, రక్తస్రావం మాత్రం కాదు. మరోవైపు ఆస్పిరిన్ వేసుకునేవారికి పీటీ, ఏపీటీటీ, ప్లేట్‌లెట్ల సంఖ్య మూడూ నార్మల్‌గానే ఉంటాయి. ప్లేట్‌లెట్ల పనితనం మాత్రం తగ్గి ఉంటుంది.

రక్తస్రావపు ముప్పును పసిగట్టడంలో ఈ పరీక్షలన్నిటికంటే ముందు నిలిచేది అడిగి తెలుసుకోవడం. పన్ను పీకినప్పుడు మర్నాటి దాకా రక్తం కారిందా, కాన్పులో రక్తం ఎక్కించవలసి వచ్చిందా, నెలసరిలో గడ్డలు పడతాయా, చిన్న దెబ్బకే కమిలిపోతుందా, మేనమామల్లో ఎవరికైనా రక్తం ఆగని జబ్బు ఉందా అన్నవి ఆ ప్రశ్నలు. హిమోఫీలియా తల్లి ద్వారా కొడుకులకు వస్తుంది కాబట్టి తల్లి వైపు మగవారి గురించి అడగడం ముఖ్యం. మేనరికాలు, అక్క కూతురిని చేసుకోవడం ఆచారంగా ఉన్న ప్రాంతాల్లో ఇంకో ప్రశ్న కూడా చేర్చాలి. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ లోపం సంక్రమిస్తే తప్ప బయటపడని అరుదైన జబ్బులు ఇలాంటి కుటుంబాల్లో ఎక్కువ. పదమూడో కారకం లోపం వాటిలో ఒకటి. అందులో పీటీ, ఏపీటీటీ పూర్తిగా నార్మల్‌గా వస్తాయి. పుట్టినప్పుడు బొడ్డు దగ్గర రక్తం రోజుల తరబడి ఆగలేదన్న అమ్మమ్మ మాట అక్కడ ఏ యంత్రమూ ఇవ్వలేని ఆధారం.

హిమోగ్లోబిన్: తప్పనిసరి, అదీ ముందుగా

పైన చెప్పినదాన్ని బట్టి పరీక్షలన్నీ తగ్గించుకోవాలని అనుకుంటే అది ఇంకో రకం తప్పు. బ్రిటన్‌లో ఒక మనిషిని ఏ జబ్బూ లేనివారిగా లెక్కించినప్పుడు, దాని వెనక కుటుంబ వైద్యుడి దగ్గర ఏళ్ల తరబడి నమోదైన రికార్డు ఉంటుంది. ఇక్కడ జబ్బు లేదని చెప్పే చాలామంది అసలు ఎప్పుడూ బీపీ, షుగర్, రక్తం చూపించుకోనివారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత దేశంలో 57 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇంతమందిలో ఉన్న లోపాన్ని వెతకడానికి ప్రత్యేక కారణం చూపించనవసరం లేదు. రక్తం పోయే అవకాశం ఉన్న ప్రతి ఆపరేషన్‌కూ ఇక్కడ హిమోగ్లోబిన్ చూడటమే సరైన పద్ధతి.

గర్భసంచి తొలగింపు సంగతి తీసుకుంటే ఇది మరింత స్పష్టమవుతుంది. నాలుగో విడత సర్వేలో ఈ ఆపరేషన్ చేయించుకున్న 15–49 ఏళ్ల స్త్రీలు దేశం మొత్తం మీద 3.2 శాతం ఉండగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం ఉన్నారు. ఎక్కువమందికి ఈ ఆపరేషన్ వరకూ తెచ్చేది అధిక రక్తస్రావమే. నెలనెలా పోయిన రక్తంతో పాటు శరీరంలోని ఐరన్ నిల్వలు కూడా ఖాళీ అవుతాయి. ఆపరేషన్‌కు కారణమైన జబ్బే ఆపరేషన్‌ను ప్రమాదకరం చేస్తుంది. అయినా సాధారణంగా జరిగేది ఏమిటంటే, ముందురోజు సాయంత్రం చేరిన తర్వాత రక్తం తీస్తారు, రాత్రికి హిమోగ్లోబిన్ 7.8 అని రిపోర్టు వస్తుంది, మత్తు డాక్టర్ ఆపరేషన్‌కు ఫిట్‌నెస్, అంటే అనుమతి ఇవ్వడానికి వెనకాడతారు, తెల్లవారేలోగా రెండు యూనిట్ల రక్తం ఎక్కిస్తారు. ఒక యూనిట్ రక్తం హిమోగ్లోబిన్‌ను సుమారు 1 గ్రాము పెంచుతుంది. ఐరన్ లోపం మాత్రం అలాగే మిగులుతుంది. అదే పరీక్ష నాలుగైదు వారాల ముందు జరిగి ఉంటే ఐరన్ మాత్రలతోనో, సెలైన్‌లో ఎక్కించే ఐరన్‌తోనో, రక్తస్రావాన్ని ఆపే మందులతోనో హిమోగ్లోబిన్‌ను పెంచవచ్చు. కొందరిలో ఆ మందులతోనే ఆపరేషన్ అవసరం తప్పవచ్చు కూడా.

రక్తహీనతతో ఆపరేషన్‌కు వెళ్లడం ఎంత ముప్పో 2011లో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చిన విశ్లేషణ చూపింది. గుండె ఆపరేషన్లు కాకుండా ఇతర పెద్ద ఆపరేషన్లు చేయించుకున్న 2,27,425 మందిలో 30 శాతం మందికి ముందే రక్తహీనత ఉంది. మిగతా జబ్బులను లెక్కలోకి తీసుకున్న తర్వాత కూడా, 30 రోజుల్లో మరణించే ముప్పు వారిలో సుమారు 1.4 రెట్లు కనిపించింది. అయితే ఐరన్ ఎక్కిస్తే ఆ ముప్పు వెంటనే తొలగిపోతుందని చెప్పలేం. బ్రిటన్‌లో పొట్ట ఆపరేషన్లకు ముందు 487 మంది మీద జరిపిన ప్రివెంట్ అధ్యయనంలో, సెలైన్ ద్వారా ఇచ్చిన ఐరన్ రక్తం ఎక్కించవలసిన అవసరాన్ని గానీ మరణాలను గానీ తగ్గించలేదు. రక్తహీనతకు ఐరన్ లోపం ఒక్కటే కారణం కాదని కూడా గుర్తుంచుకోవాలి. 60 ఏళ్ల పురుషుడికి హెర్నియా కోసం చేసిన పరీక్షలో హిమోగ్లోబిన్ 9 ఉంటే, పేగులో రక్తం కారే పుండో, క్యాన్సరో ఉందేమో చూడకుండా రక్తం ఎక్కించి హెర్నియా కుట్టి పంపడం అసలు జబ్బును వదిలేయడమే.

షుగర్, కిడ్నీ పరీక్షలు

భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన ఇండియాబ్ అధ్యయనం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, 13.6 కోట్ల మందికి దాని ముందు దశ ఉన్నట్టు అంచనా వేసింది. నడి వయసు దాటినవారికి ఒకసారి షుగర్ చూడటం ఇక్కడ అనవసర ఖర్చు కాదు. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానడం ఆలస్యమవుతుంది, చీము పట్టే అవకాశం పెరుగుతుంది. ఇప్పటికే షుగర్ ఉందని తెలిసినవారికి గత కొన్ని నెలల సగటు షుగర్‌ను చూపే హెచ్‌బీఏ1సీ ఫలితం మూడు నెలల్లోపుది ఉండాలని నైస్ చెబుతోంది. షుగర్ లేనివారికి ఆ పరీక్ష అలవాటుగా చేయవద్దని కూడా అదే చెబుతోంది. ఇందులో ఒక మెలిక ఉంది. ఐరన్ లోపం ఉన్నవారిలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికంటే ఎక్కువగా, ఇటీవల రక్తం ఎక్కించుకున్నవారిలో మారిపోయి వస్తుంది. రక్తహీనత ఉన్న స్త్రీకి ఆ ఒక్క అంకె చూసి ఆపరేషన్ వాయిదా వేయడం సరికాదు.

షుగర్ అంకె నార్మల్‌గా ఉన్నా ప్రమాదం దాగి ఉండే సందర్భమూ ఉంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగర్ మాత్రలు వాడేవారు ఆపరేషన్ కోసం ఉపవాసం ఉన్నప్పుడు, రక్తంలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్ ఆమ్లాలు పేరుకుపోవచ్చు. అందుకే ఈ మాత్రలను కనీసం మూడు రోజుల ముందు ఆపాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020లో సూచించింది. రోగి సంచిలోని మాత్రల అట్టలను చూడకుండా గ్లూకోమీటర్ అంకెను మాత్రమే చూసినవారికి ఇది తెలియదు. ఈ మాత్రలను ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం షుగర్ డాక్టర్ సలహాతోనే జరగాలి.

క్రియాటినిన్ విషయంలో వయసు, బీపీ, షుగర్, నొప్పి మాత్రల వాడకంతో పాటు ఊరు కూడా లెక్కలోకి వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో షుగర్, బీపీ లేనివారికి, పొలం పనులు చేసుకునే నడి వయసు వారికి సైతం కిడ్నీలు దెబ్బతింటున్నాయి. అక్కడి నుంచి వచ్చిన మనిషికి క్రియాటినిన్ చూడకుండా ఆపరేషన్ తర్వాత నొప్పి ఇంజెక్షన్లు ఇవ్వడం ప్రమాదకరం. పాడేరు, అరకు, ఉట్నూరు వంటి ఏజెన్సీ ప్రాంతాల గిరిజనులకు, ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి మారే వంశపారంపర్య జబ్బు సికిల్ సెల్ పరీక్ష కూడా ఇలాంటిదే. నీరు తగ్గినా, చలి పట్టినా, ఆక్సిజన్ పడిపోయినా కొడవలి కణాలు రక్తనాళాలను మూసేస్తాయి. ఆపరేషన్ గదిలో ఈ మూడూ ఒకేసారి జరిగే వీలుంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద ఇప్పటికే పరీక్ష జరిగి కార్డు ఉంటే మళ్లీ చేయనవసరం లేదు.

హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షలు

వీటిని చాలా ఆస్పత్రులు రోగికి చెప్పకుండానే చేస్తాయి. సిబ్బంది రక్షణ కోసమని కారణం చూపుతారు. కానీ వైరస్ సోకిన తొలి వారాల్లో పరీక్షలో నెగెటివ్ వచ్చే వీలుంది కాబట్టి, నెగెటివ్ వచ్చిన రోగి దగ్గర జాగ్రత్తలు తగ్గించడం సిబ్బందికే ముప్పు. ప్రతి రోగి రక్తాన్నీ ప్రమాదకరమైనదిగానే చూసి గ్లవ్స్, కళ్లద్దాలు వాడటం, సూదులను సరిగా పారేయడం అసలైన రక్షణ. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రకారం రోగి అవగాహనతో కూడిన సమ్మతి లేకుండా ఈ పరీక్ష చేయకూడదు. వైద్యం పొందడానికి దాన్ని షరతుగా పెట్టకూడదు. గర్భిణులకు చేసే హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి పరీక్షల ఉద్దేశం వేరు. వాటి ఫలితాన్ని బట్టి బిడ్డకు మందులు, టీకాలు ఇచ్చి కాపాడవచ్చు.

అనవసరమని తెలిసినా ఎందుకు ఆగవు

సర్జన్ పరీక్షలు రాసేది చాలాసార్లు తన కోసం కాదు. ఏదో ఒకటి లేదని మత్తు డాక్టర్ చివరి నిమిషంలో ఫిట్‌నెస్ ఇవ్వకపోతే ఆ రోజు ఆపరేషన్ల జాబితా తలకిందులవుతుంది. అందుకే ముందుజాగ్రత్తగా అన్నీ రాస్తారు. మత్తు డాక్టర్ తనకు అవి అక్కర్లేదని చెప్పే అవకాశం రాకముందే రక్తం తీయడం అయిపోతుంది. దీనికి తోడు ల్యాబ్ ప్యాకేజీలు, వాటితో వచ్చే ఆదాయం, కేసు పడితే ఏ పరీక్షా వదల్లేదని చూపించుకోవాలన్న భయం ఉన్నాయి. ఆ భయం అర్థం చేసుకోదగిందే గానీ, దాని తర్కం నిలవదు. తేడాగా వచ్చిన ఫలితాన్ని ఎవరూ పట్టించుకోకుండా ఫైల్లో వదిలేస్తే, చేయని పరీక్ష కంటే అదే వైద్యుడిని ఎక్కువ ఇరుకున పెడుతుంది. భారత మత్తు వైద్యుల సంఘం 2022లో ఆపరేషన్ ముందు పరీక్షలపై తన మార్గదర్శకాలను ప్రచురించింది. ఆస్పత్రిలో సర్జన్లు, మత్తు వైద్యులు కూర్చుని ఏ ఆపరేషన్‌కు ఏ పరీక్ష అన్న పట్టికను ఉమ్మడిగా ఖరారు చేసుకోవడానికి అలాంటి పత్రమే ఆధారం కావాలి.

పాత రిపోర్టు ఎన్నాళ్లు చెల్లుతుంది

పాత రిపోర్టులు చూపించినా మళ్లీ చేయించాలని చెప్పడం రోగులకు ఎక్కువ కోపం తెప్పించే విషయం. 1990లో 1,109 మంది మీద జరిగిన ఒక అధ్యయనంలో, అంతకుముందు నార్మల్‌గా ఉన్న పరీక్షను మళ్లీ చేసినప్పుడు ఆపరేషన్‌కు అంగీకరించలేనంత తేడా వచ్చింది 0.4 శాతం సందర్భాల్లోనే. వాటిలో చాలావరకు రోగి ఆరోగ్య చరిత్రను బట్టి ముందే ఊహించగలిగినవి. కాబట్టి గత మూడు నాలుగు నెలల్లో నార్మల్‌గా వచ్చి, ఆ తర్వాత జ్వరం, రక్తస్రావం, కొత్త మందులు, కొత్త లక్షణాలు ఏవీ లేనివారికి సీబీపీ, క్రియాటినిన్ మళ్లీ చేయడంలో అర్థం లేదు.

అన్నిటికీ ఈ గడువు వర్తించదు. వార్ఫరిన్ వాడేవారికి రక్తం గడ్డకట్టే స్థాయి చూపే ఐఎన్‌ఆర్ ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందుదే కావాలి. గర్భం ఉండే అవకాశం ఉన్న స్త్రీకి ఆమె సమ్మతితో ఆపరేషన్ రోజునే గర్భ పరీక్ష చేస్తారు. బ్లడ్ గ్రూపు జీవితాంతం మారకపోయినా, చేతిలో గ్రూపు కార్డు ఉందని ఆస్పత్రి దాని మీద ఆధారపడి రక్తం ఎక్కించదు. రక్తం అవసరమయ్యే ఆపరేషన్లకు కొత్త నమూనాతో గ్రూపు తేల్చి, దాత రక్తంతో కలిపి సరిచూస్తారు. గత మూడు నెలల్లో రక్తం ఎక్కించుకున్నా, గర్భం ధరించినా దాత రక్తంపై దాడి చేసే కొత్త యాంటీబాడీలు పుట్టి ఉండవచ్చు కాబట్టి, అలాంటివారి నమూనా మూడు రోజులకు మించి చెల్లదు. ఈ సంగతిని రక్తనిధి సిబ్బంది అడగకముందే వారికి చెప్పాలి.